పిల్లల ఆరోగ్యంలో పీహెచ్‌డీ అయ్యాక పద్దెనిమిది నెలలు: నా ఎక్సెల్ షీట్ కథ

నా లాప్‌టాప్‌లో 'అప్లికేషన్లు ఫైనల్ 2' అని ఒక ఎక్సెల్ షీట్ ఉంది. అందులో 47 వరుసలు. 26 చోట్ల నుంచి అసలు జవాబే రాలేదు, 14 చోట్ల నుంచి 'మీ ఆసక్తికి ధన్యవాదాలు, అయితే' అని మొదలయ్యే మెయిల్ వచ్చింది, మిగిలిన 7 చోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. థీసిస్ సబ్మిట్ చేసిన రోజు నుంచి ఉద్యోగంలో చేరిన రోజు దాకా పద్దెనిమిది నెలలు పట్టింది. ఈ మధ్య ల్యాబులో నా తర్వాత చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు, 'పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఇంకొకరి గ్రూపులో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) తప్ప ఇంకేమైనా ఉందా' అని. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పని గురించి రెండు ముక్కలు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా 412 మంది పిల్లల్ని నెలనెలా ఫాలో అయ్యాం. మాటిమాటికీ విరేచనాలు పట్టుకునే పిల్లల్లో పొడవు పెరగడం ఎంత మందగిస్తుంది, తర్వాత ఎంతవరకు తేరుకుంటారు అన్నది నా ప్రశ్న. నేను మెడిసిన్ చదవలేదు, న్యూట్రిషన్ నుంచి వచ్చాను. పేరు ముందు డాక్టర్ అని చేరిన వారానికే మా మేనత్త ఫోన్ చేసి 'బాబుకి రాత్రి నుంచి దగ్గు, ఏ సిరప్ వెయ్యమంటావ్' అని అడిగింది. అత్తయ్యా, నేను ఆ డాక్టర్ని కాదు అంటే 'మరి అయిదేళ్ళు ఏం చదివావ్' అంది. నవ్వుకున్నానుగానీ, సరిగ్గా అదే ప్రశ్నకు ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పలేక ఏడాది తిప్పలు పడతానని అప్పటికి తెలీదు.

పీహెచ్‌డీ చేస్తున్నంత కాలం నా కళ్ళ ముందు కనిపించిన దారి ఒక్కటే. పోస్ట్‌డాక్, ఇంకో పోస్ట్‌డాక్, ఒక ఫెలోషిప్, ఆ తర్వాత సొంత గ్రూపు. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ దారిలో నడిచినవాళ్ళే, వేరే దారిన పోయినవాళ్ళు ల్యాబులో ఇక కనపడరు కదా. మా గైడ్ మంచివారే, కానీ ఆయన చివరిసారి ఉద్యోగానికి అప్లై చేసి ముప్పై ఏళ్ళు అయింది. 'మంచి పేపర్లు ఉంటే దారి అదే దొరుకుతుందమ్మా' అనేవారు. నా దగ్గర రెండు పేపర్లు, రివ్యూలో ఇంకొకటి ఉన్నాయి. దారి మాత్రం అదేం దొరకలేదు.

మొదట ఫెలోషిప్పుల సంగతి. వీటికి గడియారం ఉంటుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే కే99 గ్రాంటుకు పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్ళు దాటకూడదు. యూరప్‌లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి నేను చూసినప్పుడు పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం ఎనిమిదేళ్ళు మించకూడదు, పైగా ఏ దేశానికి వెళ్ళాలనుకుంటున్నామో ఆ దేశంలో గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. ఇవి చదివి ఓహో, చాలా టైముంది అనుకున్నాను. నా చిక్కు ఆ చివర కాదు, ఈ చివర వచ్చింది. నేను అప్లై చెయ్యాలనుకున్నవాటికి గడువు తేదీకల్లా పీహెచ్‌డీ వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) అయిపోయి ఉండాలి, నా వైవా జరగడానికేమో ఒక ఎగ్జామినర్ రిపోర్టు పంపడం ఆలస్యమై ఏడు నెలలు పట్టింది. అలా రెండు ఫెలోషిప్పులకు ఆ ఏడాది అప్లై చెయ్యలేకపోయాను. ఇప్పుడు థీసిస్ రాస్తున్న ఎవరైనా సరే, ముందు గడువు తేదీలు రాసుకుని వాటి నుంచి వెనక్కి లెక్క కట్టుకుని సబ్మిషన్ తేదీ పెట్టుకోండి. నేను థీసిస్ ఎప్పుడైతే అప్పుడే అనుకున్నాను, ఆ అనుకోవడం ఒక సంవత్సరం తినేసింది.

స్టైపెండ్ సబ్మిషన్ రోజుతో ఆగిపోతుంది. వైవా అయ్యేదాకా మనం స్టూడెంటూ కాదు, డాక్టరూ కాదు. ఆ మధ్యకాలంలో ఖర్చులకోసం ఒక సిస్టమాటిక్ రివ్యూ టీములో పార్ట్‌టైమ్ పనికి ఒప్పుకున్నాను. పిల్లల్లో జింకు సప్లిమెంట్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ వెతికి, అబ్‌స్ట్రాక్టులు చదివి, పనికొచ్చేవి ఏరి, ఒక్కోదానిలో పక్షపాతం ఎక్కడ దూరే అవకాశం ఉందో గుర్తించే పని. నా వంతుకి దాదాపు 3,800 అబ్‌స్ట్రాక్టులు వచ్చాయి. ఒకే అబ్‌స్ట్రాక్టును ఇద్దరం విడివిడిగా చూసి ఉంచాలా తీసెయ్యాలా అని గుర్తు పెట్టాలి, ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి తేలుస్తారు. మొదటి వారం విసుగు పుట్టింది. మూడో వారానికి ఒక సంగతి గమనించాను, చాలా పేపర్లలో కొలత ఎవరు తీశారు, ఎన్నిసార్లు తీశారు, వాళ్ళకు ట్రైనింగ్ ఏమిచ్చారు అన్నది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. లేదా అసలు రాయరు. నాకది వింతగా అనిపించింది, ఎందుకంటే నా పీహెచ్‌డీలో సగం కాలం దాని మీదే పోయింది. అయినా ఆ వింతని అక్కడే వదిలేశాను. వదిలెయ్యకుండా ఉంటే ఈ కథ ఆరు నెలలు ముందే అయిపోయేదేమో.

మొదటి ఇంటర్వ్యూ ఒక పోస్ట్‌డాక్‌కి. పుట్టినప్పటి నుంచి వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి ఫాలో అవుతున్న పెద్ద బర్త్ కోహార్ట్ అది. స్లైడ్లు బాగా వచ్చాయి, ప్రశ్నలకు తడబడలేదు. చివర్లో ప్యానెల్లో ఒకావిడ అడిగింది, 'ఇది మీ గైడ్ ప్రశ్న. మీ సొంత ప్రశ్న ఏమిటి?' నేను నా థీసిస్‌లోని నాలుగో అధ్యాయం గురించి చెప్పడం మొదలెట్టాను. ఆవిడ ఆగి, 'అది కూడా అదే ప్రశ్నకు కొనసాగింపు కదా' అంది. కఠినంగా ఏమీ అనలేదు, మామూలుగానే అంది. ఆ తర్వాత నేనేం మాట్లాడానో నాకే గుర్తు లేదు. రెండు వారాలకు రిజెక్షన్ వచ్చింది. అప్పుడు బాధపడ్డాను, ఇప్పుడు చూస్తే ఆవిడ అడిగింది న్యాయమే. నాకు సొంత ప్రశ్న లేదు. మా గైడ్ గ్రాంటు మీద చేరాను, ఆయన ప్రశ్నను బాగా చేశాను. సొంత గ్రూపు పెట్టే దారిలో వెళ్ళాలంటే ఆ ప్రశ్న థీసిస్ మూడో ఏడాదికల్లా మనసులో మెదులుతూ ఉండాలి.

ఆ తర్వాత నాలుగు నెలలు కనిపించిన ప్రతిదానికీ అప్లై చేశాను. షీట్లో 9 నుంచి 30 దాకా వరుసలు అవే. రాత్రి పదకొండుకి కూర్చుని ఒకే సీవీ, ఒకే కవర్ లెటర్, సంస్థ పేరు మాత్రం మార్చి పంపడం. ఒకసారి అదీ మార్చడం మర్చిపోయాను. ఒక సంస్థకు రాసిన ఉత్తరంలో 'మీతో పనిచేయడం నా చిరకాల కోరిక' అంటూ ఇంకో సంస్థ పేరుంది. ఆ వరుసకు ఎర్ర రంగు వేసుకున్నాను.

ఐక్యరాజ్యసమితి సంస్థల ప్రకటనలూ చూశాను. అక్కడ పోస్టులకు పీ2, పీ3 అని మెట్లుంటాయి, మామూలుగా పీ2కి రెండేళ్ళు, పీ3కి అయిదేళ్ళు పని అనుభవం అడుగుతారు. అయిదేళ్ళు పీహెచ్‌డీ చేశాను కదా, అదే అనుభవం అని ధీమాగా పెట్టాను. నేను అప్లై చేసిన చోట చదువును చదువు కిందే లెక్కేశారు. అక్కడ పనిచేసే ఒక సీనియర్ తర్వాత చెప్పింది, చాలామంది ముందు కొన్ని నెలల కన్సల్టెన్సీ కాంట్రాక్టులతో మొదలుపెడతారట, ఒకటి అయ్యాక ఇంకొకటి, వాటి మధ్య ఖాళీలు తట్టుకోగలిగితేనే ఆ దారి అని. నేను తట్టుకోలేను అని నాకు తెలుసు. ఆ దారి అక్కడే మూసుకున్నాను, పశ్చాత్తాపం లేదు.

మారింది ఎక్కడంటే, అప్లికేషన్లు పంపడం మానేసి మనుషులతో మాట్లాడటం మొదలెట్టినప్పుడు. మా ల్యాబు నుంచి గత పదేళ్ళలో బయటికెళ్ళినవాళ్ళ పేర్లు పాత పేపర్ల నుంచి తీశాను, వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో వెతికాను. పదకొండు మందికి మెయిల్ పెడితే ఆరుగురు ఒప్పుకున్నారు. ఉద్యోగం ఇప్పించమని ఎవర్నీ అడగలేదు. 'నిన్న ఆఫీసుకెళ్ళి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?' ఇదొక్కటే అడిగాను. ఈ ప్రశ్నకు జనం నిజం చెబుతారు. 'మీ ఉద్యోగం ఎలా ఉంటుంది' అంటే మాత్రం సీవీ చదివినట్టు చెబుతారు.

ఒకాయన పిల్లల మందుల రెగ్యులేటరీ పనిలో ఉన్నాడు. ఆ ఉద్యోగం ఎందుకుందో చెప్పడానికి ఆయన చరిత్ర నుంచి మొదలెట్టాడు. చాలాకాలం పెద్దవాళ్ళ మీద పరీక్షించిన మందుల్నే బరువు లెక్కన తగ్గించి పిల్లలకిచ్చేవారు. 1950ల చివర్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన నవజాత శిశువులు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు, వాళ్ళ కాలేయం ఆ మందును విరగ్గొట్టలేకపోవడం దానికి కారణం. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కారని ఇలాంటివి చూశాకే తెలిసింది. 2007లో యూరప్‌లో పిల్లల మందుల నిబంధన అమల్లోకి వచ్చాక, కొత్త మందుకు అనుమతి కావాలంటే కంపెనీ ముందుగా పిల్లల్లో దాన్ని ఎప్పుడు, ఎలా పరీక్షిస్తుందో ఒక ప్రణాళిక ఇవ్వాలి, లేదా మినహాయింపు ఎందుకివ్వాలో చెప్పాలి. ఆ ప్రణాళికలు రాసేవాళ్ళూ, వాటిని చదివి ప్రశ్నలు వేసేవాళ్ళూ కావాలి. మా సీనియర్ నిన్న రోజంతా చేసిన పని, రెండేళ్ళలోపు పిల్లల నుంచి ఎన్నిసార్లు, ఎన్ని మిల్లీలీటర్ల రక్తం తియ్యొచ్చు అన్న ఒక పేరా మీద నలుగురితో వాదించడం. 'బోరు కొట్టదా' అన్నాను. 'ఆ పేరా బాగుంటే కొన్ని వందలమంది పిల్లలకు ఒక సూది తగ్గుతుంది, నీ పేపరు ఎంతమంది చదివారు?' అన్నాడు. కొంచెం మండింది. కానీ నిజం.

మెడికల్ రైటింగ్‌లో ఉన్నావిడ రోజు మొత్తం మందుల ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) రిపోర్టులోని ఒక టేబుల్లో అంకె, మాటల్లో అంకె ఒకటేనా అని చూస్తూ గడిపిందట. ఇంటి నుంచి పని, గడువులు గట్టిగా ఉంటాయి, పేరు ఎక్కడా ఉండదు. జర్నల్ ఎడిటర్‌గా ఉన్న ఇంకొకావిడ రోజుకి పదిహేను పేపర్లు చూసి పన్నెండు వెనక్కి పంపుతుంది. ఆవిడ చెప్పిన ఒక మాట నాకు బాగా తగిలింది. 2022లో ఐదేళ్ళు నిండకుండా చనిపోయిన పిల్లలు 49 లక్షలు అన్న వాక్యంతో నా కవర్ లెటర్ మొదలయ్యేది. '1990లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 93 మంది పోయేవాళ్ళు, ఇప్పుడు 37' అని రెండో వాక్యం. 'మా దగ్గరికొచ్చే ప్రతి ఉత్తరమూ ఇలాగే మొదలవుతుంది' అంది ఆవిడ. 'చదివేవాళ్ళకు ఆ అంకె తెలుసు. నువ్వు తెలియదు. నీ గురించి రాయి.'

నా గురించి ఏం రాయాలి? అదే తోచలేదు. ఆరో మనిషి ట్రయల్ మేనేజర్. ఆవిడతో మాట్లాడుతుంటే యథాలాపంగా కళ్ళజోడు కథ చెప్పాను.

ఆ కథ ఇది. చంటిపిల్లల పొడవు కొలవడం చూడ్డానికి సులువు, చెయ్యడం నరకం. రెండేళ్ళలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తల పట్టుకుని బల్ల తలవైపు చెక్కకు ఆనించాలి, ఇంకొకరు మోకాళ్ళు మెల్లగా అదిమి కాళ్ళు చాపించి అరికాళ్ళకు చెక్క జరిపి అంకె చదవాలి. ఈలోగా బిడ్డ ఏడుస్తాడు, వీపు విల్లులా వంచుతాడు, పక్కన తల్లి 'చాలమ్మా, చాలు' అంటూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచినప్పుడు, ఇద్దరు విడివిడిగా కొలిచిన పొడవుల మధ్య తేడా 7 మిల్లీమీటర్లు మించితే మళ్ళీ కొలిచేవారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఈ మిల్లీమీటర్లు ఎందుకంటే, ఏడాది నిండిన మగబిడ్డ మధ్యస్థ పొడవు 75.7 సెంటీమీటర్లు, 71.0 కన్నా తక్కువుంటే స్టంటింగ్ (వయసుకు తగ్గ పొడవు లేకపోవడం) కింద లెక్క. 70.8 అని రాస్తే ఆ బిడ్డ ఒక గడిలో, 71.2 అని రాస్తే ఇంకో గడిలో పడతాడు. తేడా నాలుగు మిల్లీమీటర్లే.

ఐదో నెలలో ఒకసారి డేటా చూస్తుంటే ఒక ఫీల్డ్ వర్కర్ రాసిన అంకెల్లో చివరి అంకె దాదాపు ఎప్పుడూ సున్నా లేదా అయిదు. 64.0, 66.5, 71.0. కొలవకుండా ఇంట్లో కూర్చుని రాస్తోందేమోనని మా ఆఫీసులో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి, తీసేద్దాం అన్నారు కూడా. ఆవిడతో మూడు రోజులు ఇంటింటికీ తిరిగాను. తల్లుల్ని బుజ్జగించడంలో, బిడ్డని పడుకోబెట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా టీములో లేరు. మూడోరోజు మధ్యాహ్నం ఒక ఇంట్లో కిటికీ పక్కన కొలుస్తుంటే ఆమె బల్ల మీదికి వంగి, మళ్ళీ తల వెనక్కి లాగి, కళ్ళు చికిలించింది. నలభై దాటిన మనిషి. మిల్లీమీటర్ల గీతలు ఆమెకు కనిపించడం లేదు, పెద్ద గీతలు మాత్రమే కనిపిస్తున్నాయి. 'అక్కా, దీన్ని చదవగలుగుతున్నావా' అంటే తల దించుకుని, 'చెబితే పని పోతుందేమోనని మేడమ్' అంది. దగ్గరచూపు అద్దాలు చేయించాం. తర్వాతి నెల ఆమె అంకెల్లో 1, 2, 3, 4, 6, 7, 8, 9 అన్నీ వచ్చాయి. ఆ తర్వాత మొత్తం టీముకి కళ్ళ పరీక్ష పెట్టించాం, ఇంకో ఇద్దరికి అద్దాలు వచ్చాయి. అప్పటిదాకా ఆమె తీసిన కొలతల్ని ఏం చెయ్యాలన్నది ఇంకో తలనొప్పి, రెండో మనిషి తీసిన కొలతతో పోల్చి, కొన్ని తీసేసి, ఏం చేశామో అంతా రాసి పెట్టాం.

థీసిస్‌లో ఇదంతా ఒక్క వాక్యం. 'కొలతల నాణ్యతను క్రమం తప్పకుండా పరిశీలించాం.' సీవీలో ఆ వాక్యం కూడా లేదు.

కథ విని ఫోన్లో ఆ ట్రయల్ మేనేజర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'ఇది నీ సీవీలో ఏ పేజీలో ఉంది?' అంది. లేదని చెప్పాను. 'మా దగ్గర ఆరు సెంటర్లలో ట్రయల్ నడుస్తోంది, ఒక సెంటర్ డేటా ఎందుకు తేడాగా ఉందో రెండు నెలలుగా ఎవరికీ అంతుపట్టడం లేదు. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు ఉన్నారు. వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని చూసేవాళ్ళు లేరు' అంది.

ఆ వారం సీవీ మొత్తం మళ్ళీ రాశాను. పేపర్లను రెండో పేజీకి పంపాను (చెయ్యి ఆడలేదు, రెండుసార్లు మళ్ళీ పైకి తెచ్చి మళ్ళీ కిందికి దింపాను). మొదటి పేజీలో, తొమ్మిది మంది ఫీల్డ్ టీముని రెండేళ్ళు నడిపాను, రెండేళ్ళ చివరికి 412 మందిలో 371 మంది మిగిలారు, వెళ్ళిపోయిన 41 మంది ఎందుకు వెళ్ళిపోయారో ఒక్కొక్కరి కారణం రాసి ఉంది, ఎథిక్స్ కమిటీకి ఇన్ని సవరణలు పెట్టాను, కన్సెంట్ ఫారం చదవడం రాని తల్లిదండ్రులకు ఎలా వివరించాం, డేటాలో తేడా వస్తే ఎలా పట్టుకున్నాం, ఇవన్నీ. ఇందులో ఒక్కటీ కొత్తగా నేర్చుకున్నది కాదు. ఆ అయిదేళ్ళలో ఇవన్నీ 'అసలు పని'కి అడ్డొస్తున్నాయని విసుక్కుంటూ చేసినవే. జీసీపీ (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే నియమాలు) సర్టిఫికెట్ మాత్రం కొత్తగా తీసుకున్నాను, ట్రయల్స్‌లో అది లేకుండా అడుగు పెట్టనివ్వరు, ఆన్‌లైన్‌లో ఒక రోజు పని.

అలా రాసిన సీవీ పదమూడు చోట్లకు పంపితే నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి. అంతకు ముందు 34 పంపితే మూడు. ఇంటర్వ్యూలన్నీ బాగా జరిగాయని అనను. ఒక ప్రైవేటు కంపెనీలో నా టాపిక్ మీద ఇరవై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాక ఒకాయన వాచీ చూసుకుని, 'బడ్జెట్ మీరే చూశారా?' అన్నాడు. లేదు, గైడ్ చూశారు అన్నాను. అక్కడితో ఆ ఇంటర్వ్యూ మర్యాదగా ముగిసింది. పీహెచ్‌డీలో ఉండగానే గ్రాంటు డబ్బు దేనికెంత పోతోందో ఒకసారి గైడ్ పక్కన కూర్చుని చూసి ఉంటే బాగుండేది, అడిగితే కాదనేవారు కాదు, నాకు అడగాలనే తోచలేదు.

చివరికి ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. ఎదురుచూసినంత కాలం ఒక్కటీ రాదు, వస్తే రెండూ ఒకేసారి వస్తాయి. ఒకటి పోస్ట్‌డాక్, ఏడాది కాంట్రాక్టు, గ్రాంటు వస్తే పొడిగిస్తారు, మంచి గ్రూపు, మంచి పేరు. రెండోది పిల్లల టీకా ట్రయల్లో ఫీల్డ్ డేటా నాణ్యత చూసే మేనేజర్ పని, నాలుగేళ్ళు. మా గైడ్‌కి ఫోన్ చేస్తే చాలాసేపు విన్నారు. 'రీసెర్చ్ వదిలేస్తున్నావా అమ్మా?' అన్నారు. వదిలెయ్యడం లేదు సార్ అన్నాను, అంటుంటే నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సొంత ప్రశ్న ఏమిటి అన్న ఆవిడ మాట గుర్తొచ్చింది. ఇంకో ఏడాది పోస్ట్‌డాక్ చేస్తే నాకు సొంత ప్రశ్న పుడుతుందా అని నిజాయితీగా అడుక్కుంటే, ఏమో. కళ్ళజోడు లాంటివి ఇంకో పది పట్టుకోగలనా అంటే, తప్పకుండా. మర్నాడు రెండోదానికి సరే అని మెయిల్ పెట్టాను, మొదటివాళ్ళకు క్షమాపణ రాయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

చేరి పద్నాలుగు నెలలైంది. బాగున్నవి, బాగోనివి రెండూ ఉన్నాయి. ట్రయల్లో ఏ బిడ్డకైనా తీవ్రమైన ఇబ్బంది వస్తే మాకు తెలిసిన 24 గంటల్లో రిపోర్టు వెళ్ళాలి, అది టీకా వల్లనా కాదా అన్నది తర్వాత సంగతి. ఆదివారం, పండుగ అని ఉండదు. మొదటిసారి అలాంటి ఫోన్ రాత్రి రెండింటికి వచ్చినప్పుడు చేతులు వణికాయి, ఇప్పటికీ ఆ రింగ్‌టోన్ వింటే టెన్షనే. ఎవరికి ఏ టీకా పడిందో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. బయటి నిపుణుల కమిటీ ఒకటి ఆ గుట్టు విప్పి చూసి, ఆపాలా సాగాలా చెబుతుంది. నా సొంత డేటాని నేను రోజూ తిరగేసుకున్నదాన్ని, ఇంత డేటా చేతిలో ఉండి కూడా జవాబు చూడకుండా ఉండటం అలవాటవడానికి చాలా రోజులు పట్టింది.

బాధ పెట్టే సంగతి ఒకటుంది, దాచను. పేరు. మెడికల్ జర్నల్స్ పాటించే నియమం ప్రకారం రచయితగా పేరు ఉండాలంటే పనిలో ముఖ్యమైన భాగం ఉంటే చాలదు, పేపరు రాయడంలోనో దిద్దడంలోనో పాలు ఉండాలి, చివరి రూపాన్ని ఒప్పుకోవాలి, దానికి జవాబుదారీగా నిలబడాలి. ట్రయల్ మొదటి పేపరు రాసేటప్పుడు నన్ను ఎవరూ డ్రాఫ్టుకి పిలవలేదు, నా పేరు కృతజ్ఞతల్లో వచ్చింది, అదీ ఒక అక్షరం తప్పుతో. కోపం వచ్చింది. నెల తర్వాత, ఇకమీద డేటా నాణ్యత భాగం నేనే రాస్తాను, డ్రాఫ్టు మొదటి రోజు నుంచీ నాకు రావాలి అని మీటింగులో చెప్పాను. ఒప్పుకున్నారు. ఇది చేరే ముందే రాతపూర్వకంగా అడగాల్సింది. మీరు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతుంటే జీతం గురించి అడిగిన రోజే ఇదీ అడగండి.

మా అత్తయ్య మొన్న మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి సిరప్ గురించి కాదు, మనవరాలికి ఏడాది నిండింది, పొడవు సరిపోయినట్టేనా అని. ఎవరు కొలిచారు, పడుకోబెట్టా నిలబెట్టా అని అడిగాను. 'గోడకి ఆనించి నిలబెట్టి టేపు పెట్టాం' అంది. ఆ వయసులో గోడకి ఆనిస్తే రాదు అత్తయ్యా, నిలబెట్టి కొలిస్తే ఇంచుమించు ఏడు మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది, బల్ల మీద ఇద్దరు కలిసి కొలవాలి అని ఇరవై నిమిషాలు చెప్పాను. మొత్తం విని, 'అయితే అయిదేళ్ళు చదివింది ఇదా' అంది.

థీసిస్‌లోని మూడో పేపరు ఇంకా బయటికి రాలేదు. రివిజన్‌కి ఈ నెల 28 గడువు. రెండో రివ్యూయర్ కొలతల్లో చివరి అంకెలు ఎలా పంచుకున్నాయో చూపమన్నాడు, ఆ గ్రాఫు అద్దాలకు ముందు, అద్దాలకు తర్వాత అని రెండు ముక్కలుగా గీసి అటాచ్ చేశాను. మోడల్ మీద అడిగిన మూడో ప్రశ్న దగ్గర మాత్రం రెండు ఆదివారాలుగా ఆగిపోయి ఉన్నాను.